నలుగురం వెళ్ళాం, ముగ్గురం వచ్చాం

లుబ్లిన్,
1972 ఆగస్టు 21, సోమవారం

అక్కా,

మొదట "ప్రియమైన" అని రాసి కొట్టేశాను. కాగితం మార్చలేదు. ఆ కొట్టివేత నీకు కనపడాలనే.

మీ ఊరు చూద్దామని నలుగురం వచ్చాం. నేను, మీ మరిది రొమాన్, పిల్ల అగాతా, అమ్మ. వారం రోజులు కొండలు చూశాం, సరస్సు చూశాం, తెల్ల ఎలుగుబంటి వేషం వేసుకున్నవాడి పక్కన నిలబడి ఫోటో దిగాం. తిరిగి ఇంటికి ముగ్గురం వచ్చాం. నా జన్మలో ఇలాంటి విహారయాత్ర చేస్తానని అనుకోలేదు.

స్టేషన్‌లో జరిగింది నీకు తెలియదని మాత్రం అనకు. రైలు కదలడానికి అయిదు నిమిషాలుంది. పెట్టెలు ఎక్కించాం, అగాతా కిటికీ పక్కన కూర్చుంది. అమ్మ మాత్రం ప్లాట్‌ఫాం మీద చేతిసంచి పట్టుకుని నిలబడింది. "అమ్మా, ఎక్కు" అన్నాను. "మీరెక్కండి. నేను రావడం లేదు" అంది. ముందు నవ్వాను. "అదేంటమ్మా, పెట్టె లోపల పెట్టేశాం కదా" అన్నాను. "చూసుకో" అంది. చూశాను. లేదు! నా పెట్టె ఉంది, రొమాన్ పెట్టె ఉంది, చివరికి నువ్విచ్చిన రేగుపళ్ళ జామ్ సీసా కూడా ఉంది, అమ్మ పెట్టె లేదు. స్టేషన్ బయట క్లిమెక్ బావ బండిలో, గుర్రం దాణా గోనె కింద దాని మూల కనిపించింది. బావ నా వైపు చూడలేదు. గుర్రం చెవుల్ని ఎప్పుడూ చూడనట్టు చూస్తూ కూర్చున్నాడు.

అంతా ముందే అనుకుని చేశారు. నువ్వు అమ్మకి చెప్పావు, అమ్మ బావకి చెప్పింది, బావ పెట్టె దించాడు. నాకే చెప్పలేదు. గార్డు ఈల వేసేదాకా నన్ను వెర్రిదాన్ని చేసి నిలబెట్టారు.

అగాతా క్రాకూవ్ దాకా ఏడ్చింది. రొమాన్, బళ్ళో భూగోళం చెప్పే మనిషి, కిటికీలోంచి కొండలు కనిపిస్తుంటే వాటి గురించి ఒక్క ముక్క చెప్పకుండా కూర్చున్నాడంటే ఆయన మనసెలా ఉందో ఊహించుకో.

సెప్టెంబరు ఒకటో తేదీలోగా అమ్మని రైలెక్కించు. ఒంటరిగా రాలేదనుకుంటే క్రాకూవ్‌కి నేనొచ్చి తీసుకుంటాను. గుండె మందు చుక్కలు రోజుకి రెండుసార్లు, పొద్దున పదిహేను, సాయంత్రం పదిహేను. నువ్వు లెక్కపెట్టి వెయ్యి, అమ్మకి చెయ్యి వణుకుతుంది.

తెక్లా

*

జకోపానె,
ఆగస్టు 29

తెక్లా,

నీ ఉత్తరం బల్లమీద పెట్టి రెండు రోజులు చూశాను. ఈ రెండు రోజుల్లో నా కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

నాకేమీ తెలియదు. శనివారం పొద్దున నేను మీ దారి తిండికి గుడ్లు ఉడకబెడుతుంటే అమ్మ లాయంలోకి వెళ్ళి క్లిమెక్‌ని అడిగిందట, "నా పెట్టె పక్కన పెట్టు నాయనా, ఎవరికీ చెప్పకు" అని. ఆయన పెట్టేశాడు. "అత్తగారు అడిగితే ఎందుకని అడుగుతానా?" అంటాడు. మీ బావతో ఇరవై ఏళ్ళు కాపురం చేస్తున్నా, ఆయన నోట్లోంచి ఒక మాట రావాలంటే గడ్డివామిలో సూది వెతికినంత పని. నువ్వు స్టేషన్‌లో వెర్రిదానివయ్యావు. నేను నా ఇంట్లోనే అయ్యాను.

కుట్ర చేశానని రాస్తావు, సరే. మరి ఆ బుధవారం సంగతి రాయవేం? సరస్సు దగ్గర అమ్మని ఎక్కడ వదిలి వెళ్ళారు? గుర్రబ్బళ్ళు ఆగేచోట, చెక్క బల్ల మీద. ఎంతసేపు? నాలుగు గంటలు. ఎందుకు? పైన ఇంకో సరస్సు ఉందని, అది కూడా చూపించకపోతే భూగోళం మాస్టారికి నిద్రపట్టదని. చేతిలో ఒక ఆపిల్ పెట్టి, "ఇప్పుడే వస్తాం" అని వెళ్ళారట. ఎండ తిరిగింది, గాలి లేచింది. క్లిమెక్ రెండో ఖేపు జనాన్ని దించడానికి వచ్చేసరికి అమ్మ అక్కడే కూర్చుని ఉంది. ఆపిల్ అలాగే చేతిలో ఉంది. ఆయన తన కోటు కప్పాడు. ఈ మాట మీకెవరైనా చెప్పారా? మీరు దిగొచ్చి ఆ సరస్సు నీళ్ళ రంగు గురించి మాట్లాడారు.

ఆగస్టు నెలలో ఈ ఊళ్ళో ఎవరూ మంచం ఖాళీగా ఉంచరు. మీకోసం నేను నా మంచి గది ఇచ్చాను, ఏటా వచ్చేవాళ్ళకి లేదని రాశాను, నేనూ ఆయనా అటకమీద పడుకున్నాం. వెళ్ళేటప్పుడు రొమాన్ ఏమన్నాడో గుర్తుందా? "మెట్లు కాస్త కిర్రుమంటున్నాయి వదినా" అన్నాడు.

ఇక అసలు సంగతి నేనే రాస్తాను, నువ్వు రాయవు కనక. వంటిల్లు కాక మీ ఇంటికున్న ఆ రెండో గది అమ్మ పేరు లెక్కలో ఉండబట్టే మీకు వచ్చింది. ఇళ్ళ కార్యాలయం మనిషి వచ్చి తలలు లెక్కపెడితే నాలుగుండాలి. నీ తొందర అమ్మకోసమా, నాలుగో తల కోసమా?

అమ్మ బాగానే ఉంది. రెండు పళ్ళాలు తింటోంది. చెయ్యి వణకడం లేదు.

పోలా

*

లుబ్లిన్,
సెప్టెంబరు 6

జకోపానెలో అద్దెగదుల యజమానురాలు శ్రీమతి పోలా గారి సముఖమునకు,

తమరి ఉత్తరం అందింది. తమరంతటివారు నాకు జవాబు రాయడమే గొప్ప.

అవును, ఇళ్ళ కార్యాలయం మనిషి వచ్చాడు. నిన్న, మంగళవారం. "అమ్మగారేరీ?" అన్నాడు. "కొండల్లో గాలి మార్పుకి వెళ్ళారు" అన్నాను. అగాతా పక్కనే నిలబడి నా మొహంలోకి చూస్తోంది. పిల్ల ముందు అబద్ధం చెప్పాను. సంతోషమా? ఆ గది పోతే మేం ముగ్గురం వంటింట్లో పడుకోవాలి, లేదా ముక్కూ మొహం తెలియనివాణ్ణి పక్కగదిలో పెడతారు. పదమూడేళ్ళ ఆడపిల్ల ఉన్న ఇల్లు. దీని గురించి నేను కంగారుపడితే అది పాపమా?

కానీ అక్కా, (చూశావా, నా చెయ్యి మళ్ళీ ఆ మాటే రాస్తోంది) నాకు నువ్వు లెక్కలు చెప్పకు. నువ్వు ఇరవై రెండేళ్ళకి సెలవులకని కొండలకి వెళ్ళి, గుర్రబ్బండివాణ్ణి చూసి అక్కడే ఉండిపోయావు. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంది. పదిహేనేళ్ళు! తెర కట్టి అటువైపు అమ్మ మంచం, ఇటువైపు మా మంచం. అమ్మ దగ్గుతో నేను లేచాను, అమ్మ కాళ్ళనొప్పులకి నేను నీళ్ళు కాచాను, పాలదుకాణంలో ఇరవై ఆరేళ్ళు నిలబడి పనిచేసిన ఆ కాళ్ళు నేను చూశాను. నువ్వేం చేశావు? పండక్కి ఎండబెట్టిన పుట్టగొడుగుల దండ పంపావు.

ఇప్పుడు నాకు అర్థమైంది. నీకు కావలసింది అమ్మ కాదు, దుప్పట్లు ఉతికే మనిషి. నాలుగు గదులు, ఎనిమిది మంచాలు. జీతం అక్కర్లేని పనిమనిషి.

నీ మాటలే నిజమైతే అమ్మ ఎందుకు రాయదు? అగాతా అమ్మమ్మకి రెండు ఉత్తరాలు రాసింది. తన బొమ్మలు కూడా వేసి పంపింది. జవాబు లేదు. రోజూ బడినించి వచ్చి ముందు టపా పెట్టెలో చెయ్యి పెట్టి చూస్తోంది. ఆ ఉత్తరాలు అమ్మకి ఇచ్చావా, లేదా?

నీ ఆరోగ్యం కోరడానికి మనసొప్పక,
తెక్లా

*

జకోపానె,
సెప్టెంబరు 14

తెక్లా,

ఇక్కడ మూడు రోజులుగా దక్షిణం కొండల మీదనుంచి వేడిగాలి కొడుతోంది. ఈ గాలికి ఊరంతా పిచ్చెక్కుతుంది. మొన్న గుర్రం క్లిమెక్ మోకాలి మీద తన్నింది. ఎదురింటావిడ భర్త భోజనంలోకి చెప్పు విసిరింది. ఈ గాలిలో ఉత్తరం రాయకూడదు, అయినా రాస్తున్నాను, ఆగితే ఇంకా ఘాటుగా రాస్తాను.

అమ్మ నా ఇంట్లో ఒక్క గిన్నె కడగలేదు. ఒక్క దుప్పటి ముట్టుకోలేదు. సిలువ ముందు నిలబడి చెప్పమన్నా చెబుతాను. పనిమనిషి అన్నావే, ఆ మాట నువ్వు వెనక్కి తీసుకునేదాకా నీ మొహం చూడను.

పదిహేనేళ్ళు చూశానంటావు. చూశావు, కాదనను. కానీ అమ్మ ఊరికే కూర్చుందా? అగాతా పుట్టినప్పుడు నువ్వు రెండో నెలకే కుట్టుపని దుకాణానికి వెళ్ళిపోయావు. ఆ పిల్లని ఎవరు పెంచారు? నాన్న కుట్టుమిషను ఎవరింట్లో ఉంది? నేను అడిగానా? నాన్న అంత్యక్రియలకి నేను మంచులో ఇరుక్కుని ఒకరోజు ఆలస్యంగా వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి "ఇప్పుడు తీరిక దొరికిందా?" అన్నావు. పదిహేనేళ్ళయినా ఆ మాట నా చెవిలోనే ఉంది.

అమ్మకి రాయడానికి తీరిక లేదు. అంతే. అంతకన్నా నన్ను అడగకు.

అమ్మ శీతాకాలపు కోటు పంపించు. నల్లది, బొచ్చు కాలరుది. లోపలి అస్తరు చిరిగిందేమో చూసి కుట్టి పంపు. ఇక్కడ అక్టోబరుకే మంచు పడుతుంది.

పోలా

*

లుబ్లిన్,
సెప్టెంబరు 25

పోలా,

నీ అబద్ధం నిన్న మధ్యాహ్నం మా ఇంటికి నడిచొచ్చింది. చెప్తాను, కూర్చుని చదువు.

మా కింది అంతస్తులో మాల్వినా ఉంది, పంచదార కర్మాగారంలో పనిచేస్తుంది. ఆ కర్మాగారంవాళ్ళంతా కలిసి బస్సులో మీ ఊరు వచ్చారు. తిరిగొచ్చి చీజ్ ముక్కొకటి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పొగబెట్టిన గొర్రెపాల చీజ్. "తెక్లా, ఇది మీ అమ్మగారి దగ్గరే కొన్నాను" అంది.

"ఎక్కడ?" అన్నాను.

"అదేంటి, పెద్ద వీధిలో. కొండెక్కే రైలు దగ్గర. పూల గుడ్డ తలకి కట్టుకుని బల్ల వెనక నిలబడి ఉన్నారు. భలే అరుస్తున్నారు తెలుసా! నేను గుర్తుపట్టలేదు, ఆవిడే నన్ను పట్టుకుని 'ఏమ్మా మాల్వినా, లుబ్లిన్‌లో ఇంత మెత్తని చీజ్ తిన్నావా?' అన్నారు. పాపం, ఈ వయసులో..."

ఆ "పాపం" దగ్గర ఆగిపోయింది. నా మొహం చూసి.

మన అమ్మని వీధిలో నిలబెట్టావా? డెబ్బై ఏళ్ళ మనిషిని? దుప్పట్లు ఉతికిస్తున్నావేమో అనుకున్నాను, అదే మేలు, కనీసం నాలుగు గోడల మధ్య ఉండేది. "రాయడానికి తీరిక లేదు" అన్నావు, నిజమే, వీధిలో అరుస్తూ ఉంటే తీరికెక్కడిది? కోటు దేనికడిగావో కూడా తెలిసింది. మంచులో కూడా నిలబెడతావు.

ఈపాటికి మా మేడలో అందరికీ తెలిసిపోయింది. రొమాన్ బళ్ళో ఇంకో మాస్టారు "మీ అత్తగారు వ్యాపారం పెట్టారటగా" అన్నాడట.

అక్టోబరు ఏడు, శనివారం, నేనూ రొమాన్ వస్తున్నాం. అమ్మని తీసుకుని ఆదివారం బండికి తిరిగొస్తాం. నీ ఇంట్లో దిగం. మెట్లు కిర్రుమంటాయి కదా.

తెక్లా

*

జకోపానె,
సెప్టెంబరు 30

తెక్లా,

రాకముందు నువ్వు ఇది చదవాలి. నీ కోపం నీకుంటుంది, కానీ సరైన తలుపు మీద తట్టు.

అమ్మ నా ఇంట్లో లేదు.

మీ రైలు వెళ్ళిన మూడో రోజున వెళ్ళిపోయింది. వాగు పక్కన రొజాలియా అని ఒక విధవరాలుంది, వేసవిలో సరస్సు దగ్గర, మిగతా రోజుల్లో పెద్ద వీధిలో చీజ్ అమ్ముతుంది. మీరు వదిలేసి వెళ్ళిన ఆ బుధవారం అమ్మ పక్కన బల్ల మీద కూర్చున్నది ఆవిడే. ఒక ముక్క రుచి చూడమని ఇచ్చిందట. అమ్మ నమిలి, "పొగ బాగుంది, ఉప్పు ఎక్కువ వేశావు" అందట. రొజాలియాకి ఒళ్ళు మండి, "నువ్వెవరివి నాకు చెప్పడానికి?" అందట. "ఇరవై ఆరేళ్ళు పాలదుకాణంలో చీజ్ కోసినదాన్ని" అందట అమ్మ. ఇంక నాలుగు గంటలు ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారట. ఇదంతా క్లిమెక్ చెబితే తెలిసింది. అమ్మ ఆయనతో మాట్లాడుతుంది. నాతో మాట్లాడదు. నేను వీధిలో ఎదురుగా వెళ్ళి నిలబడితే నా వెనకవాళ్ళని "రండి, రండి" అని పిలుస్తుంది.

నేను నీకు అబద్ధం రాయలేదు. బాగానే ఉందన్నాను, బాగానే ఉంది. నా ఇంట్లో గిన్నె ముట్టలేదన్నాను, నిజమే. కానీ నిజం కూడా రాయలేదు. నా దగ్గర కూడా ఉండలేదని నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. నువ్వు నన్ను దొంగ అన్నంత పని చేశావు, అమ్మని దొంగిలించానన్నట్టు రాశావు. ఆ నింద మోయడం నయమనిపించింది.

ఎందుకు వెళ్ళిందో నాకు తెలుసు. నీకూ తెలుసు. ఇద్దరం ఇన్ని కాగితాలు రాసుకున్నాం, ఒక్కరం కూడా దాని జోలికి పోలేదు. నేను రాస్తాను.

గురువారం మధ్యాహ్నం వాన. రొమాన్ అగాతాని తీసుకుని మ్యూజియంకి వెళ్ళాడు. నువ్వూ నేనూ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాం.

"అక్కా, ఈ చలికాలం అమ్మని నీ దగ్గర ఉంచుకోవే" అన్నావు నువ్వు.

"ఎక్కడ ఉంచను? ఇది ఇల్లా, సత్రమా?" అన్నాను నేను.

"వచ్చినవాళ్ళకి నాలుగు గదులున్నాయి, అమ్మకి ఒక్కటి లేదా?"

"అమ్మ పేరున గది వచ్చింది నీకు. గది నీకూ, అమ్మ నాకూనా?"

"అబ్బ, నాకు ఓపిక లేదే. ఆ దగ్గు వింటుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది."

"అయితే సన్యాసినుల ఆశ్రమంలో అడుగు. ముసలివాళ్ళని తీసుకుంటారట" అన్నాను. అవును, అది నేనే అన్నాను. నువ్వు కాదు.

"అడిగాను. రెండేళ్ళు ఆగాలట" అన్నావు. అది నువ్వు.

ఆ తర్వాత ఇంకో మాట అనుకున్నాం. ఆరు నెలలు నీ దగ్గర, ఆరు నెలలు నా దగ్గర, మిగతా కాలం రైల్లో అని. నవ్వాం తెక్లా. చేతిలో కత్తులు ఆపి మరీ నవ్వాం.

తర్వాత నేను తొక్కలు కోళ్ళకి వెయ్యడానికి వెనక వరండాలోకి వెళ్ళాను. కిటికీ కింద బల్లమీద అమ్మ శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని. కిటికీ తెరిచే ఉంది. నిద్రపోతోందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది కనక అలాగే అనుకున్నాను. నీకు చెప్పలేదు.

ఇంకొకటి. అగాతా ఉత్తరాలు మూడొచ్చాయి. అమ్మకి ఇవ్వలేదు. నా చేత్తోనే ఇవ్వాలనుకున్నాను, అందుకు అమ్మ బల్ల దగ్గరికి వెళ్ళాలి, నలుగురి ముందు మళ్ళీ నాతో మాట్లాడకపోతే నేనేమైపోతాను అని రోజూ రేపు రేపు అనుకున్నాను. పిండి డబ్బా వెనక పెట్టాను. విప్పలేదు. నీ ఉత్తరాలు మాత్రం క్లిమెక్ చేత పంపించాను. నువ్వు ఎలాంటిదానివో అమ్మకి తెలియాలని పంపించాను. అది కూడా చెప్పేస్తున్నాను.

రా. తలుపు తీసే ఉంటుంది.

పోలా

*

లుబ్లిన్,
అక్టోబరు 12

అక్కా,

నీ ఇంట్లో దిగనన్నాను, దిగలేదు. ఆదివారం మధ్యాహ్నం నీ గుమ్మం ముందునుంచి నడిచి వెళ్ళాను. నువ్వు పొయ్యి దగ్గర వంగి ఉన్నావు. పిలవలేదు. పిలిస్తే ఏమంటానో నాకే భయమేసింది.

నీ ఉత్తరం రైల్లో నాలుగుసార్లు చదివాను. నిన్ను తిడదామని ప్రతిసారీ మొదలుపెట్టాను, ప్రతిసారీ ఆ బంగాళాదుంపల దగ్గరికి వచ్చి ఆగిపోయాను. నీ మీద కోపం పోలేదు. పిల్ల ఉత్తరాలు పిండి డబ్బా వెనక పెట్టావు, దాన్ని నేను ఎప్పటికీ మరిచిపోను. కానీ ఆశ్రమంలో అడిగిందాన్ని నేనే. నిజం.

అమ్మ బల్ల దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. నన్ను చూసింది. చూసి కూడా ముందువాళ్ళకి చీజ్ కోస్తూనే ఉంది. "అమ్మా" అన్నాను. "వరసలో నిలబడు" అంది. నిలబడ్డాను. రొమాన్ కూడా నా వెనక నిలబడ్డాడు. ముప్పావు గంట! మా వంతు వచ్చేసరికి ఇంకెవరూ లేరు.

"అమ్మా, ఇంటికి పద. నీ మంచం అలాగే ఉంది" అన్నాను.

"తెర తీసేయి. గాలి వస్తుంది" అంది.

"చలిలో ఇలా వీధిలో నిలబడితే నీ గుండె..."

"చుక్కలు నేనే వేసుకుంటున్నాను. పదిహేను. లెక్క తప్పడం లేదు."

పక్కనుంచి ఆ రొజాలియా, లావుపాటి ఆవిడ, గొంతు గుర్రాల్ని అదిలించేలా ఉంది, "ఇద్దరు కూతుళ్ళున్నారంది, సరే, ఒక్కత్తి అయినా ముందు కూర్చోబెట్టి ఎలా ఉన్నావని అడుగుతుందేమో అని చూస్తున్నాను. అందరూ పద, పద అనేవాళ్ళే" అంది. నేను "మా ఇంటి సంగతిలో మీరు కలగజేసుకోకండి" అన్నాను. "నా బల్ల ముందు నిలబడి మాట్లాడుతున్నావు మరి" అంది.

అప్పుడు రొమాన్ ముందుకొచ్చాడు. టోపీ తీశాడు. "అత్తయ్యా, ఆ రోజు పై సరస్సుకీ కింది సరస్సుకీ ఎత్తు తేడా ఎంతో మీకు చెప్పాను. చలేస్తోందా అని అడగలేదు. తప్పయింది" అన్నాడు. పధ్నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఎవరికైనా క్షమాపణ చెప్పడం నేను చూడలేదు.

"నూట ఎనభై ఎనిమిది మీటర్లు" అంది అమ్మ. అని ఆయనకి ఒక ముక్క కోసి కత్తి మొనమీదే అందించింది. నాకు ఇవ్వలేదు.

సంచిలోంచి నీ ఉత్తరాలన్నీ తీసి బల్లమీద పడేశాను. "చదువు, నీ పెద్దకూతురు ఏం రాసిందో చదువు! ఆశ్రమం మాట ఎవరన్నారో చూడు!" అని అరిచాను. వీధిలో జనం ఆగి చూశారు. అమ్మ ఆ కాగితాలు పోగుచేసి, ఆప్రన్ జేబులో పెట్టుకుంది. "నీవి ఇదివరకే అందాయి" అంది. అంతే. తర్వాత తడిగుడ్డతో బల్ల తుడవడం మొదలుపెట్టింది.

కోటు ఇచ్చాను. అస్తరు కుట్టాను. తీసుకుంది.

నువ్వు పంపించావు, నేను పడేశాను. ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకునే పిల్లల్లా. ఇద్దరికీ నలభై దాటింది.

ఇళ్ళ కార్యాలయం మనిషి మళ్ళీ వస్తానన్నాడు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

తెక్లా

*

జకోపానె,
1972 అక్టోబరు 20

పోలాకి, తెక్లాకి,

ఇద్దరికీ ఒకటే ఉత్తరం. కార్బన్ కాగితం పెట్టి రాశాను. ఎవరికీ ఎక్కువ తక్కువలు లేవు, పోల్చి చూసుకోవచ్చు.

మీ ఉత్తరాలన్నీ చదివాను. పోలా పంపినవి, తెక్లా పడేసినవి. తేదీల ప్రకారం సర్దుకుని రెండు సాయంత్రాలు చదివాను. నా దగ్గు గురించి ఉంది. నా మంచం గురించి ఉంది. నా కోటు, నా చుక్కలు, నా పేరున వచ్చిన గది, నా కాళ్ళు అన్నీ ఉన్నాయి. రెండు నెలలుగా నా గురించి ఇన్ని కాగితాలు రాసుకున్నారు. మీ ఇద్దరిలో ఒక్కరు కూడా నాకు రాయలేదు. పదమూడేళ్ళ పిల్ల రాసింది. దాని ఉత్తరాలు పిండి డబ్బా వెనక పెట్టారు. క్లిమెక్ తెచ్చి ఇచ్చాడు. దానికి జవాబు విడిగా రాశాను. విప్పకుండా అగాతా చేతికే ఇవ్వు తెక్లా.

కిటికీ కింద నేను నిద్రపోలేదు. పోలా, నీకది తెలుసు. ఆశ్రమం మాటకి నాకు కోపం రాలేదు. ముసలితనంలో ఎక్కడో ఒకచోట ఉండాలి, అదీ ఒక చోటే. నవ్వినందుకూ కాదు. మీరిద్దరూ చిన్నప్పుడు కలిసి నవ్వుతుంటే నేను పని ఆపి వినేదాన్ని. నాకు కోపం వచ్చింది ఎందుకంటే, గోడకి ఇవతల నేనున్నాను. నాకు నోరుంది. "అమ్మా, నువ్వెక్కడ ఉంటావు?" అని ఆ మధ్యాహ్నం అడగొచ్చు, ఆ వారంలో ఎప్పుడైనా అడగొచ్చు, ఆ పదిహేనేళ్ళలో అడగొచ్చు. అడగలేదు.

డెబ్బై ఏళ్ళ మనిషికి కోపం వస్తే మీరు మందు పేరు అడుగుతారు. ఇది జబ్బు కాదు.

మాల్వినా "పాపం" అందట. తెక్లా సిగ్గుపడిందట. నేను పాలదుకాణంలో ఇరవై ఆరేళ్ళు నిలబడ్డప్పుడు ఆ జీతంతోనే మీ ఇద్దరి బూట్లు వచ్చాయి, అప్పుడు ఎవరికీ సిగ్గు లేదు. ఇక్కడ నేను పొద్దున్నే లేస్తాను. రొజాలియా ఉప్పు తగ్గించింది. నేను చెబితేనే తగ్గించింది. ఆవిడ నోరు చెడ్డది, నాది కూడా, రోజుకి రెండుసార్లు పోట్లాడుకుంటాం, భోజనం దగ్గర కలుస్తాం. ఇక్కడా దగ్గుతున్నాను. ఆవిడ గురకకి అది వినపడదు.

తెక్లా, నీకు ఇది కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. సోమవారం నేను ఇక్కడి కార్యాలయానికి వెళ్ళి నా పేరు ఈ ఊళ్ళో రాయించుకున్నాను. మీ ఇంటి లెక్కలోంచి పోతుంది. గది పోతుందో ఉంటుందో నాకు తెలియదు. పోవచ్చు. అందుకు బాధపడ్డాను, ఆ పిల్ల కోసం. కానీ అగాతా ముందు మళ్ళీ ఆ మనిషికి "గాలి మార్పుకి వెళ్ళారు" అని చెప్పొద్దు. "మా అమ్మ వెళ్ళిపోయింది" అని చెప్పు. నోరు తిరిగాక అంత కష్టంగా ఉండదు.

పోలా, వీధిలో నా ఎదురుగా వచ్చి ఊరికే నిలబడకు. కొనేవాళ్ళకి అడ్డం. మాట్లాడాలంటే మాట్లాడు. నేను ముందు మాట్లాడను.

రొమాన్ చెప్పిన మాట నాకు అందింది. అది చాలు.

క్రిస్మస్ సెలవులకి అగాతాని పంపండి. రొజాలియా ఇంట్లో నాకున్నది ఒకటే మంచం, పిల్ల సన్నగా ఉంటుంది, సరిపోతాం. మీరిద్దరూ కూడా రావచ్చు, కలిసైనా, విడివిడిగా అయినా. కానీ ముందు నాకు ఉత్తరం రాయండి. నా పేరు మీద, కింద ఉన్న చిరునామాకి. వస్తామని చెప్పడం కాదు, రావచ్చా అని అడగండి. నేను జవాబు రాసేదాకా టికెట్ కొనకండి.

స్తెఫానియా
(మీ అమ్మ)
రొజాలియా ఇల్లు, వాగు పక్క, జకోపానె